ఇరువురి నడుమ ఒక గోడ: క్రొత్త ఇండ్లు కట్టు రైతులకు కొన్ని సూచనలు

2021వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీ సాయంకాలము 'గులాబ్' తుపాను కళింగపట్నమునకు ఉత్తరమున సుమారు 20 కిలోమీటర్ల దూరమున తీరము దాటినది. తరువాతి వారము మేము పైరుల నష్టము చూచుటకై వంశధార సముద్రమున కలియు ప్రాంతపు పల్లెలు కొన్ని తిరిగితిమి. చేలలో మేము చూడబోయినది చూచితిమి. కాని ఊళ్లలో మఱియొకటి కూడ మా కంటబడినది. క్రొత్తగా కట్టిన ప్రహరీ గోడలు కొన్ని నిలువునా నేలగూలియుండెను. వాని చెంతనే ఏండ్లనాటి తాటిమట్టల దడులు ఒఱగియు నిలిచియుండెను.

ఒక పల్లెలో ఇరువురు అన్నదమ్ముల బిడ్డలు ప్రక్కప్రక్కనే కాపురముండిరి. 2018 అక్టోబరు 11వ తేదీని వచ్చిన తిత్లీ తుపానులో వారి పాత ఇండ్లు పాడుకాగా, ఇరువురును క్రొత్త ఇండ్లకు పూనుకొనిరి. పెద్దవాని స్థలము పల్లము, చిన్నవానిది మెఱక. పెద్దవాడు ముందుగా ఇల్లు ముగించి, రెండవవానితో ఒక్క మాటయైనను చెప్పక, హద్దు వెంబడి 60 అడుగుల పొడవున నాలుగున్నర అంగుళముల ఇటుక గోడ లేపెను. పిమ్మట సగము ఖర్చు ఇమ్మని అడిగెను. గోడ తన స్థలములోనికి జానెడు వచ్చినదని చిన్నవాడు పైకమీయ నిరాకరించెను. నాటినుండి ఇరువురికిని మాటలు లేవు. గులాబ్ నాటి వాననీరు మెఱకనుండి పల్లమునకు పోవు దారి లేక గోడ వెనుక మోకాలిలోతు నిలిచెను. తెల్లవాఱకమునుపే గోడ కూలి పెద్దవాని పశువులసాలపై బడెను. కట్టున నున్న పెయ్య యొకటి చచ్చెను.

మేము వెళ్లిన దినమున ఊరి పెద్దలు కూర్చుండియుండిరి. "గోడ నా డబ్బులతో కట్టినాను, నీ నీరు దాన్ని కూల్చినాది" అని పెద్దవాడు. "నీరు నాది కాదన్నా, వానది. దారి మూసినావు నువ్వే" అని చిన్నవాడు. ఇరువురి మాటలోను నిజము కలదు. అందుచేతనే ఆ తగవు తీఱుట కష్టమయ్యెను. మా వృత్తి పైరుల విషయమేయైనను, ఇట్టి తగవుల వలన రైతునకు కలుగు నష్టము చీడపీడల నష్టమునకు తీసిపోదని ఎంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

చట్టము ఎంతవఱకు తోడు వచ్చును?

హద్దుగోడ కట్టినవాడు పొరుగువానిచేత సగము ఖర్చు పెట్టింపవచ్చునని మనలో పలువురు నమ్ముచున్నారు. ఇది పొరపాటు. కొన్ని దేశములలో అట్టి శాసనములు కలవు. ఫ్రాన్సు దేశపు 1804 నాటి పౌరస్మృతి ఉమ్మడి గోడలకు ప్రత్యేకముగా నియమములు చేసినది. ఇంగ్లండునందు 1996లోను, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమున 1991లోను, న్యూజీలండునందు 1978లోను ఇట్టి విషయములకై చట్టములు చేసిరి. మన రాష్ట్రమున రైతు తన ఇంటి హద్దున గోడ కట్టి, పొరుగువాడు ఒప్పుకొనకున్నను సగము వసూలు చేసికొనుటకు వీలిచ్చు సామాన్య చట్టము లేదు. కావున మనకు ఒప్పందమే చట్టము. ముందుగా మాటాడుకొననివాడు పిమ్మట అడుగుటకు హక్కు పోగొట్టుకొన్నవాడే యగును.

కాని చట్టము బొత్తిగా ఊరకున్నదని కాదు. 1882 నాటి ఈజుమెంట్ల చట్టము ప్రకారము మెఱకభూమిపై సహజముగా పడిన నీరు పల్లపు భూమిలోనికి పాఱుటకు పల్లపువాడు అడ్డు చెప్పరాదు. పైకథలో పెద్దవాడు చేసిన తప్పిదము ఇదియే. ఆ చట్టమే మఱియొకటి చెప్పుచున్నది: ఒకరి చూరునీరు రెండవవారి పెరటిలో 20 సంవత్సరములు బహిరంగముగను, హక్కుగను, ఆటంకము లేకయు పడుచున్నచో అది హక్కుగా స్థిరపడవచ్చును. ఇక పొరుగువాని స్థలమును కంచెలోనికి కలుపుకొని, అది తనదేయని అందఱెఱుగ 12 సంవత్సరములు అనుభవించినవాడు, 1963 నాటి కాలపరిమితి చట్టమును చూపి ఆ స్థలము తనదేయని వాదింపగలడు. కనుక "పోనిండు, జానెడే గదా" అని మొగమాటముతో ఊరకుండుటయు మంచిది కాదు. జానెడు నేలకై కఱ్ఱలెత్తుటయు మంచిది కాదు. మొదటనే కొలిపించుకొనుట మంచిది.

మొదట హద్దు

పొలములకు సర్వే నంబర్లును, రాళ్లును, ఎఫ్.ఎం.బి. యను కొలతల పటమును కలవు. ఇండ్ల స్థలముల సంగతి వేఱు. పాత సర్వేలో ఊరి నివేశనమంతయు గ్రామకంఠమని ఒక్కటిగా చూపబడినదే కాని, ఇంటింటికి కొలతలు వ్రాయబడలేదు. అందుచే గ్రామకంఠములోని ఇంటికి దస్తావేజులోని చతుస్సీమలే ఆధారము. "తూర్పున ఫలానావారి దొడ్డి, పడమట వీథి" అని వ్రాసినచో, ఆ దొడ్డి ఎక్కడ ముగియునో ఎవరు చెప్పవలెను? ఈ లోపము తీర్చుటకే 2020 ఏప్రిలు 24న కేంద్ర ప్రభుత్వము 'స్వామిత్వ' పథకము నారంభించి, డ్రోనులతో గ్రామ నివేశనముల పటములు తీయ మొదలిడెను. అదే సంవత్సరము డిసెంబరులో మన రాష్ట్రమున భూముల రీసర్వే మొదలైనది. మీ గ్రామమున అట్టి పటము సిద్ధమైనచో, ఇల్లు కట్టుటకు ముందే దాని ప్రతిని చూచుకొనవలెను. తప్పున్నచో గోడ కట్టక మునుపే చెప్పుకొనవలెను.

పటము లేనిచోట ఇరువురును తమ దస్తావేజులు తెచ్చి, పెద్దలు ఇద్దఱి యెదుట టేపుతో కొలుచుకొనవలెను. తేడా వచ్చినచో తహశీల్దారు కార్యాలయములో రుసుము చెల్లించి సర్వేయరుచేత కొలిపింపవలెను. 1923 నాటి సర్వే మఱియు సరిహద్దుల చట్టము ఇట్టి కొలతలకు మూలము. ఆ రుసుమును ఇరువురు చెఱిసగము పెట్టుకొనుట న్యాయము. కొలత ఇరువురికిని కావలసినదే గదా.

కొలిచిన పిమ్మట మూలమూలకును రాళ్లు పాతవలెను. రాయి క్రింద నాలుగు దోసిళ్ల బొగ్గును, పెంకులను వేసి పాతినచో, రాయి పోయినను గుఱుతు పోదు. బొగ్గు నేలలో చివుకదు. ఇది మా కల్పన కాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయములో సీమావివాదములను గూర్చి చెప్పుచు, హద్దున తాటి మొదలగు చెట్లు నాటవలెననియు, నేలలో ఇటుకలు, బొగ్గులు, పెంకులు మొదలగునవి రహస్యచిహ్నములుగా పాతవలెననియు విధించిరి. అంత పురాతన కాలమునుండియు మానవులు పొరుగువారితో ఈ తగవే పడుచున్నారన్నమాట.

పిమ్మట మాట

గోడ కట్టదలచినవాడు మేస్త్రీని పిలుచుటకు ముందు పొరుగువాని అరుగుపై కూర్చుండవలెను. ఎంత పొడవు, ఎంత ఎత్తు, దేనితో, ఎవరి మనుష్యులతో, ఎప్పుడు, నీరు ఎటు పోవలెను అను ఆఱు సంగతులు అక్కడ తేల్చుకొనవలెను. ఆ మాటలలో ఇంటి స్త్రీలను చేర్చుట మఱవరాదు. స్నానపు చాటు ఎక్కడ కావలయునో, నూతివద్దకు దారి ఏదియో, చూడియావు ఈనిన రాత్రి ఎవరి ఇంటి దీపము కావలసివచ్చునో వారికి తెలిసినట్లు మగవారికి తెలియదు. రెండిండ్ల నడుమ చిన్న దిడ్డివాకిలి విడుచుట మన పాత వాడుక. తుపాను రాత్రి ఒకరి కప్పు లేచిపోయినచో రెండవవారి పంచకు చేర్చునది ఆ దిడ్డియే. దానిని మూసివేసి కట్టుటకు ముందు రెండు మాఱులాలోచింపుడు.

ఒకే గోడ చాలును

ఇక లెక్క చూతము. 60 అడుగుల హద్దున ఇరువురును పంతమునకు వేర్వేరుగా నాలుగున్నర అంగుళముల గోడలు కట్టిరనుకొందము. ఎవరి పునాది వారి స్థలములోనే ఉండవలెను గదా. పునాది వెడల్పు 2 అడుగులై, గోడ దాని నడుమ లేచినచో, గోడ ముఖము హద్దునకు 9¾ అంగుళములు లోపలనుండును. రెండు గోడల నడుమ 19½ అంగుళముల సందు ఏర్పడును. 60 అడుగుల పొడవున అది 97½ చదరపుటడుగులు. అనగా సుమారు 11 గజముల నేల. సెంటులో నాలుగవ వంతుకు కొంచెమే తక్కువ. ఆ సందులో చీపురు ఆడించుటయు, మనిషి మసలుటయు కష్టము. చెత్తకును, పాములకును అది నిలయమగును.

ఇరువురు కలిసి, హద్దునకు ఇటు సగము అటు సగము వచ్చునట్లు, 9 అంగుళముల గోడ ఒక్కటియే కట్టినచో సందు లేదు. 5 అడుగుల ఎత్తునకు అది 225 ఘనపుటడుగుల కట్టుబడి. 9 అంగుళముల పొడవు, 4½ వెడల్పు, 3 మందము గల ఇటుకలు ఘనపుటడుగునకు సుమారు 14 చొప్పున 3,150 పట్టును. రెండు పలుచని గోడలకు కూడ మొత్తము ఇన్నియే ఇటుకలు పట్టును. కాని పునాదులు రెండు త్రవ్వవలెను. బలము మాత్రము సమానము కాదు. గాలి తాకిడికి గోడ నిలుచు శక్తి దాని మందము రెట్టింపైనచో నాలుగు రెట్లగును. రెండు పలుచని గోడల బలమును కూడినను ఒక గోడకు రెండు రెట్లే. కాబట్టి అదే ఇటుకతో, తక్కువ పునాదితో, కలిసి కట్టినవారి గోడ విడివిడిగా కట్టినవారి రెండు గోడల మొత్తమునకును రెండింతల బలము గలది.

మన తీరమున మఱికొన్ని జాగ్రత్తలు కావలెను. 8 లేక 10 అడుగుల కొకచోట స్తంభము కట్టవలెను. నేలమట్టమున 6 లేక 8 అడుగుల కొక నీటితూము విడువవలెను. తూములేని గోడ వరదకు ఆనకట్టయై కూలును. సముద్రపు ఇసుకను, పోటునీరు తగులు ఏటి ఇసుకను వాడరాదు; ఉప్పు పొంగి పూత రాలును, లోని ఇనుము త్రుప్పుపట్టును. ఉప్పుటూటల నూతినీటితో సిమెంటు కలుపరాదు.

అంతటను గోడయే కావలెనా?

అక్కఱలేదు. ఇంటిప్రక్కను, స్నానపు చాటుననే గోడ కావలెను. వెనుకటి దొడ్డికి జీవకంచె చాలును. తుపాను గాలి గోడను తోయును; కంచెలోనుండి దూరిపోవును. వానకాలపు ఆరంభమున, మృగశిర ఆర్ద్ర కార్తెలలో, వావిలి కొమ్మలను అడుగు దూరమున రెండు వరుసలుగా నాటినచో మేకలు దానిని తఱచు ముట్టవు. గ్లిరిసిడియా కొమ్మలు నాటినచో ఏటేట కొట్టిన రొట్ట చేనికి పచ్చియెరువగును. ఎవరి వైపు కొమ్మ వారు కొట్టుకొనవచ్చును. గోరింట ఇంటివారికి ఉపయోగము. దొంగలు, పందులు వచ్చునట్టి చోట గచ్చతీగను ప్రాకింపవచ్చును. ముండ్లతీగ కట్టదలచినచో జింకుపూత గలదానినే కొనవలెను. ఉప్పుగాలికి మామూలు తీగ త్వరలో త్రుప్పుపట్టి తెగును.

రెండింటిని మాత్రము నాటరాదు. ఒకటి బ్రహ్మజెముడు. కంచెకై పెంచిన ఈ మొక్క దక్షిణదేశమున బీళ్లను ఆక్రమించి రైతులను బాధించినది. 1926లో సింహళమునుండి ఒక పురుగును తెచ్చి విడిచిన పిమ్మటనే అది అణగినది. రెండవది సర్కారు తుమ్మ. మేకలు దాని కాయలు తిని పేడలో గింజలు వెదజల్లును. కంచె మీది, కంప ఊరందఱిది యగును. హద్దునానుకొని కొబ్బరి నాటుటయు తగవునకు మూలము. కొబ్బరిచెట్లకు చెట్టునకు చెట్టునకు 25 అడుగులు విడుచునట్లే, హద్దునుండి 12 అడుగులైన లోనికి నాటినచో నీడయు, కాయయు చాలవఱకు మీ దొడ్డిలోనే యుండును.

ఖర్చు పంచుకొను విధములు

ఇరువురికిని ఒకే తీరు కావలసినచో చెఱిసగము. ఒకరికి దడి చాలును, రెండవవారికి గోడ కావలెను అన్నప్పుడు, దడికి అగు ఖర్చులో సగము మొదటివాడు ఇచ్చి, మిగిలినదంతయు గోడ కోరినవాడు భరింపవలెను. న్యూ సౌత్ వేల్సు చట్టము కూడ ఈ న్యాయమునే అనుసరించినది: సరిపడు కంచెకు ఇరువురు సమానము, అంతకు మించిన సొగసు కోరినవానిది. 60 అడుగుల గోడకు పేద పొరుగువానిని సగము పైకము తెమ్మనుట అతనిని అప్పులోనికి త్రోయుటయే.

పైకము లేనివాడు పనితో ఈయవచ్చును. పునాది త్రవ్వుట, ఇటుక మోయుట, నీరు పోయుట, తాటిమట్టలు, వెదురు, బండి ఇవియన్నియు డబ్బే. ఊరి కూలిరేటు కట్టి ఆ దినముననే కాగితముపై వేయవలెను. "ఏదో సాయము చేసినాడులే" అని ఊరకున్నచో, రెండేండ్ల తరువాత చేసినవానికి అది కొండయు, చేయించుకొన్నవానికి గోరంతయు అగును.

పొరుగువాడు ఇంకను ఇల్లు కట్టనిచో ఏమి చేయవలెను? ముందు కట్టువాడు ఖర్చంతయు పెట్టి, లెక్క జాగ్రత్త చేయవలెను. రెండవవాడు కట్టునాడు ఆ గోడను ఆధారము చేసికొన్నచో, నాటి ఖర్చులో సగమునుండి గోడకు పట్టిన ఏండ్ల అరుగుదల తగ్గించి చెల్లింపవలెను. ఫ్రాన్సునందు కూడ గోడకానుకొని యున్నవాడు సగము విలువ చెల్లించి దానిని ఉమ్మడి చేసికొనవచ్చును. అప్పటివఱకు గోడ పూర్తిగా కట్టినవాని స్థలములోనే ఉండుట మేలు.

చివరకు వ్రాత

మాట యెంత మంచిదైనను వ్రాత కావలెను. మాట యిచ్చినవారు పోయిన పిమ్మట బిడ్డలకు మిగులునది కాగితమే. దానిలో ఈ సంగతులు వ్రాసిన చాలును: హద్దు కొలిచిన తేదీ, రాళ్ల గుఱుతులు, గోడ పొడవు, ఎత్తు, మందము, ఎవరెంత పెట్టిరి, నీటితూములు ఎన్ని, ఎక్కడ, మరమ్మతు ఖర్చు ఎట్లు పంచుకొందురు, ఒకరి సమ్మతి లేక రెండవవారు గోడ ఎత్తు పెంచుట, దానిపై దూలము మోపుట, పడగొట్టుట చేయరాదను నియమము, తుపానునకు కూలినచో తిరిగి కట్టు విధము. ఇరువురును, ఇద్దఱు సాక్షులును సంతకములు చేసి, చెఱియొక ప్రతి ఉంచుకొనవలెను. కాని హద్దును సరిచేయుటలో ఒకరి నేల రెండవవారికి పోవుచున్నచో అది తెల్లకాగితముతో తీఱునది కాదు. దస్తావేజు వ్రాయించి రిజిస్టరు చేయింపవలెను. వీథివైపు గోడకు పొరుగువానితో పాటు పంచాయతీవారి సమ్మతి కూడ కావలెను.

ఈ విషయమున సహకార సంఘములు కొంత మేలు చేయవచ్చును. ఒకే వీథిలో నలుగురు సభ్యులు ఇండ్లు కట్టునప్పుడు ఇటుక, సిమెంటు, రాతిగుంజలు కలిపి తెప్పించినచో బండికూలి తగ్గును, బేరము కుదురును. పైని చెప్పిన ఒప్పందపు నమూనా సంఘపు గదిలో నుంచినచో వ్రాతరాని సభ్యులకు కార్యదర్శి పూరించి చదివి వినిపింపగలడు. అప్పు పెట్టుటలోనే గాక తగవు మాన్పుటలోను సహకారము కలదు.

ఆ అన్నదమ్ముల బిడ్డల సంగతి చెప్పి ముగింతుము. ఆ దినమున పెద్దలు తీర్పేమియు చెప్పలేదు. సర్వేయరు వచ్చి కొలువగా గోడ చిన్నవాని స్థలములోనికి వచ్చినమాట నిజమేయైనను, వచ్చినది జానెడు కాదు, నాలుగు అంగుళములు. ఇరువురును సగము సగము తప్పినవారేయైరి. మరుసటి వేసవిలో ఇండ్ల ప్రక్క 20 అడుగులు మాత్రము 9 అంగుళముల గోడ మూడు తూములతో కట్టిరి. పడిన గోడలోని మంచి ఇటుక ఏఱి పెద్దవాడిచ్చెను; సిమెంటును, కూలియును చిన్నవాడు భరించెను. మిగిలిన 40 అడుగులకు వావిలియు, గ్లిరిసిడియాయు నాటిరి. నడుమ దిడ్డి విడిచిరి. మొదటి గోడకు పోసిన డబ్బు వ్యర్థమయ్యెను, పెయ్య తిరిగి రాలేదు. అరుగుపై ఒక్క పూట కూర్చుండి మాటాడుకొన్నచో ఆ రెండును మిగిలియుండెడివి.

కావున సోదరులారా, ఈ సంవత్సరము ఇంటికి కొబ్బరికాయ కొట్టువారు మొదటి ఇటుక తెచ్చుటకు ముందు పొరుగింటికి పోవలెనని మా మనవి.